వెన్ను ఆపరేషన్: ఏ నొప్పి పోతుంది, ఏ కదలిక వస్తుంది?

నడుముకు ఆపరేషన్ అనగానే మన ఇళ్లలో రెండు రకాల మాటలు వినబడతాయి. "వెన్ను కోయించుకుంటే ఇక మంచాన పడ్డట్టే" అని ఒకరంటారు. "ఒక్కసారి చేయించేసుకో, జన్మలో మళ్లీ నొప్పన్నదే ఉండదు" అని ఇంకొకరంటారు. రెండు మాటలూ నిజానికి దూరమే. నడుము కింది భాగంలో సాధారణంగా చేసే ఆపరేషన్లలో కాళ్లు పడిపోవడం చాలా అరుదు. నొప్పి పూర్తిగా పోయి మళ్లీ రాకుండా ఉండటం కూడా అందరికీ జరగదు.

ఈ విషయం ఇప్పుడు ఎక్కువమందికి అవసరమవుతోంది. ఎమ్మారై స్కానింగ్ ఒకప్పుడు పెద్ద నగరాల్లోనే ఉండేది. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతోంది. దాంతో "డిస్కు జరిగింది", "నరం నొక్కుకుంది" అనే రిపోర్టులు చేతికొచ్చేవారు పెరిగారు. వారిలో కొందరికే ఆపరేషన్ అవసరమవుతుంది. చేయించుకునేవారు ఏం ఆశించవచ్చో ముందే చాలావరకు అంచనా వేయవచ్చు. అందుకు రెండు సంగతులు తెలియాలి: వెన్నులో ఏం చెడింది, ఆపరేషన్ దాన్ని ఏం చేస్తుంది.

వెన్ను నిర్మాణం

మన వెన్నులో 33 పూసలుంటాయి. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5. ఈ 24 పూసలు కదులుతాయి. వాటి కింద మిగిలినవి పెద్దయ్యేసరికి ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. కదిలే పూసల మధ్య డిస్కులుంటాయి. ప్రతి డిస్కుకూ బయట గట్టి పీచు వలయం, లోపల మెత్తటి గుజ్జు ఉంటాయి. బరువును పంచడం, నడుమును వంగనివ్వడం వీటి పని.

పూసల వెనుక ఒక ఎముక గొట్టం ఉంటుంది. వెన్నుపాము (మెదడు నుంచి కిందికి దిగే ప్రధాన నాడీ తాడు) అందులోంచి వస్తుంది. అది నడుములోని మొదటి లేదా రెండో పూస దగ్గర ముగుస్తుంది. అక్కడి నుంచి విడి విడి నరాలే కిందికి దిగుతాయి. డిస్కు జారడం ఎక్కువగా నడుములో చివరి రెండు చోట్ల, అంటే నాలుగు, అయిదో పూసల మధ్య లేదా అయిదో పూస కింద జరుగుతుంది. అక్కడ వెన్నుపాము ఉండదు. ఆపరేషన్‌లో కాళ్లు పడిపోతాయన్న భయం అక్కడ అంతగా అవసరం లేకపోవడానికి కారణం ఇదే. మెడలో, ఛాతీ వెనుక చేసే ఆపరేషన్ల సంగతి వేరు. అక్కడ సర్జన్ పనిచేసేది వెన్నుపాము పక్కనే.

డిస్కు వలయం చిరిగి గుజ్జు వెనక్కి జారితే పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. నరం పొడవునా పిరుదు నుంచి పిక్క దాకా, ఒక్కోసారి పాదం దాకా నొప్పి లాగుతుంది. దీన్నే సయాటికా అంటాం. జారిన డిస్కే దీనికి కారణం కావచ్చని 1934లో బోస్టన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ చూపించారు. డిస్కు ఆపరేషన్లు విస్తరించింది ఆ తర్వాతే.

వయసు పైబడినవారిలో మరో ఇబ్బంది వస్తుంది. ఎముక గొట్టం చుట్టూ కణజాలం మందమెక్కి నరాలకు చోటు తగ్గుతుంది. దీన్ని స్టెనోసిస్ (నరాల దారి ఇరుకవడం) అంటారు. నాలుగడుగులు వేయగానే కాళ్లు బరువెక్కుతాయి. కాసేపు కూర్చుంటేనో, ముందుకు వంగితేనో తేలికవుతుంది.

ఆపరేషన్ చేసే పనులు రెండే

పేర్లు ఎన్ని ఉన్నా, అరుగుదల వల్ల వచ్చే నడుము సమస్యలకు చేసే ఆపరేషన్ల పనులు ప్రధానంగా రెండు.

మొదటిది నరానికి చోటివ్వడం. డిసెక్టమీలో (జారిన డిస్కు ముక్కను తీసేయడం) నరం మీదున్న ముక్కను మాత్రమే తీస్తారు. డిస్కు మొత్తాన్ని తీయరు. లామినెక్టమీలో (పూస వెనుక పలకను తొలగించడం) ఇరుకైన దారిని వెడల్పు చేస్తారు. మైక్రోస్కోపుతో చేసినా, ఎండోస్కోపుతో చేసినా లోపల జరిగే పని ఇదే. కోత చిన్నదైతే కండరాలకు గాయం తక్కువ, ఇంటికి త్వరగా వెళ్లవచ్చు. అంతమాత్రాన ఏడాది తర్వాతి ఫలితం దానంతట అదే మారిపోదు.

రెండోది ఉండకూడని కదలికను ఆపడం. ఒక పూస మరో పూస మీద ముందుకు జారుతుంటేనో, వెన్ను వంకర పోతుంటేనో, రెండు లేదా అంతకంటే ఎక్కువ పూసలను కలిపి అతికిస్తారు. దీన్ని ఫ్యూజన్ అంటారు. "రాడ్లు వేశారు", "స్క్రూలు వేశారు" అని మనం చెప్పుకునేది దీని గురించే. అయితే పూసలను శాశ్వతంగా పట్టి ఉంచేది ఆ లోహం కాదు, మధ్యలో పెట్టిన ఎముక పొడి. అది రెండు వైపులా అతుక్కుని ఒకే ఎముకగా మారాలి. అందుకు ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు. స్లాబు గట్టిపడేదాకా సెంట్రింగ్ కర్రలు బరువు మోసినట్టు, ఆ ఎముక అతికేదాకా స్క్రూలు బరువు మోస్తాయి. తేడా ఒక్కటే, సెంట్రింగ్ విప్పేస్తారు, స్క్రూలను చాలావరకు లోపలే ఉంచేస్తారు. ఎముక అతకకపోతే కొన్నాళ్లకు స్క్రూలు వదులవుతాయి. బీడీ, సిగరెట్ మానమని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే. నికోటిన్ ఎముకకు రక్తం సరిగా అందకుండా చేస్తుంది.

రెండు పనుల్లో ఏదీ అరిగిన డిస్కును కొత్తదిగా చేయదు. ఆపరేషన్ తర్వాతి ఆశలన్నీ ఈ ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంటాయి.

నొప్పి తగ్గే వరుస

నరం మీద ఒత్తిడి పోగానే ముందు తగ్గేది కాలి నొప్పి. మత్తు దిగాక "కాలు లాగడం పోయింది" అని చాలామంది మొదటి రోజే చెబుతారు. కొందరికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో రెండు మూడు రోజులు నొప్పి మళ్లీ మెరిసినట్టు రావచ్చు. నొక్కుడుపడిన నరం వాచి ఉంటుంది, ఆ వాపు తీయడానికి సమయం కావాలి.

తర్వాత వచ్చేది బలం. బొటనవేలు పైకి లేవకపోవడం, పాదం వాలిపోవడం వంటివి ఉంటే అవి నెలల తరబడి నెమ్మదిగా మెరుగవుతాయి. దెబ్బతిన్న నర తంతువు మళ్లీ పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే. నడుము నుంచి పాదం దాకా ఉన్న దూరాన్ని దీంతో లెక్కేసుకుంటే నెలలు ఎందుకు పడతాయో అర్థమవుతుంది. బలహీనత ఎంత తీవ్రంగా ఉంది, ఎన్నాళ్లుగా ఉంది అన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది.

తిమ్మిరి, మొద్దుబారడం అన్నిటికన్నా ఆలస్యంగా తగ్గుతాయి. కొందరికి కొంత మిగిలిపోతుంది. కాలి నొప్పి పోయి, మడమ దగ్గర చిన్న మేర మొద్దుబారినట్టే ఉండిపోతే ఆపరేషన్ విఫలమైందని అనుకోనక్కర్లేదు.

ఇక నడుము నొప్పి. దీని మీదే ఆశ ఎక్కువ, అంచనా తప్పేదీ ఇక్కడే. నడుము నొప్పికి డిస్కు, కీళ్లు, కండరాలు, స్నాయువులు అన్నీ కారణం కావచ్చు. నరానికి చోటిచ్చే ఆపరేషన్ వీటిలో వేటినీ నేరుగా బాగుచేయదు. అందుకే కాలి నొప్పి ఎక్కువగా ఉండి, నడుము నొప్పి తక్కువగా ఉన్నవారికి ఫలితం బాగుంటుంది. కాలిలోకి దిగని, నడుముకే పరిమితమైన నొప్పి కోసం చేసే ఆపరేషన్‌లో అంత నమ్మకంగా చెప్పలేం.

తొందరెప్పుడు, ఆగవచ్చా?

నెదర్లాండ్స్‌లో చేసిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో బాధపడుతున్న 283 మందిని అందులో తీసుకున్నారు. సగం మందికి త్వరగా ఆపరేషన్ చేయాలని, మిగతావారికి ముందు మందులు, జాగ్రత్తలతో చూడాలని నిర్ణయించారు. ఆపరేషన్ వర్గంలో సగటు రోగి నాలుగు వారాల్లో కోలుకున్నాడు. ఆగినవారికి పన్నెండు వారాలు పట్టింది. ఏడాది గడిచాక చూస్తే రెండు వర్గాల్లోనూ నూటికి 95 మంది కోలుకున్నట్టే చెప్పారు. అయితే ఆగిన వర్గంలో నూటికి 39 మందికి ఏడాది లోపు ఆపరేషన్ అవసరమైంది.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలతాయి. జారిన డిస్కు చాలామందిలో తనంతట తానే కుంచించుకుపోతుంది, ఆగితే నష్టపోయేది తక్కువ. నొప్పి భరించలేకుండా ఉంటే, పని మానలేని పరిస్థితి ఉంటే ఆపరేషన్ ఆ బాధ కాలాన్ని తగ్గిస్తుంది. రోగి తన బతుకుతెరువును బట్టి ఎంచుకునే వీలు ఇక్కడ ఉంది.

ఎంచుకునే వీలు లేని సందర్భం ఒకటుంది. మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, మలం అదుపు తప్పడం, కూర్చున్నప్పుడు ఆనే చోట స్పర్శ పోవడం కనిపిస్తే, అది నడుము అడుగున ఉన్న నరాల గుత్తి మొత్తం నొక్కుకున్నదనడానికి గుర్తు. వైద్యులు దీన్ని కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గంటలు గడిచేకొద్దీ మూత్రం మీద అదుపు తిరిగివచ్చే అవకాశం తగ్గుతుంది. కాలి బలం రోజురోజుకూ తగ్గుతున్నా ఆలస్యం చేయకూడదు.

ఫ్యూజన్ విషయంలో స్వీడన్ అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. స్టెనోసిస్ ఉన్న 247 మందిలో కొందరికి నరాల దారి వెడల్పు చేసి వదిలేశారు. మిగతావారికి దానితోపాటు పూసలను కూడా అతికించారు. రెండేళ్ల తర్వాత నడకలోగానీ, నొప్పిలోగానీ రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆసుపత్రిలో ఉన్న రోజులు మాత్రం సగటున నాలుగు నుంచి ఏడుకు పెరిగాయి. ఫ్యూజన్ అవసరమే లేదని దీనర్థం కాదు. పూస బాగా జారినప్పుడు, విరిగినప్పుడు, వంకర పెరుగుతున్నప్పుడు అది కావాలి. "నాకు రాడ్లు ఎందుకు?" అని అడిగే హక్కు మాత్రం రోగికి ఉంది.

రిపోర్టు ఒక్కటే చాలదు

ఎమ్మారై రిపోర్టులో "నాలుగు, అయిదో పూసల మధ్య డిస్కు ఉబ్బింది" అని చదవగానే గుండె జారుతుంది. నొప్పే లేనివారి స్కానింగులను పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో లెక్క కట్టారు. అవి మూడు వేల పైచిలుకు మందివి. ఇరవై ఏళ్ల వయసులో నూటికి 30 మందికి, ఎనభై ఏళ్ల వయసులో నూటికి 84 మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. వీళ్లెవరికీ నొప్పి లేదు.

అంటే స్కానింగ్‌లో కనిపించినదంతా జబ్బు కాదు. నొప్పి దిగే దారి, బలం తగ్గిన కండరం, స్కానింగ్‌లో నొక్కుడు కనిపించిన చోటు, ఈ మూడూ ఒకే నరాన్ని చూపాలి. అవి కలిసినప్పుడే ఆపరేషన్ ఫలితం మీద ఆశ పెట్టుకోవచ్చు. సంబంధం లేని చోట కోస్తే ఎంత చక్కగా చేసినా నొప్పి అలాగే ఉంటుంది.

కదలిక తిరిగి వచ్చేదెలా

డిస్కు ముక్క తీసినవారిని చాలాచోట్ల అదే రోజో, మర్నాడో నడిపిస్తారు. మంచం దిగే పద్ధతి ముందు నేర్పుతారు. వెల్లకిలా పడుకుని ఉన్నవారు నడుము మెలిపెట్టి లేవకూడదు. మోకాళ్లు ముడవాలి. భుజాలు, పిరుదులు ఒకేసారి కదిలేలా పక్కకు ఒత్తిగిలాలి. కాళ్లు మంచం అంచు నుంచి కిందికి దించుతూ, చేత్తో పరుపును నొక్కి పైకి లేవాలి. పడుకునేటప్పుడు ఇదే వరుస వెనక నుంచి ముందుకు. ఇంటికెళ్లాక మొదటి వారాల్లో అన్నిటికన్నా పనికొచ్చే విద్య ఇదే.

మొదటి ఆరు వారాల మందు నడక. రోజుకు కొన్నిసార్లు, కొద్ది కొద్ది దూరం, రోజూ కాస్త పెంచుతూ నడవాలి. ఎక్కువసేపు కూర్చోవడం నడక కన్నా నడుముకు భారం. చూడటానికి వచ్చిన చుట్టాల మర్యాద కోసం గంటల తరబడి కుర్చీలో కూర్చోనక్కర్లేదు. బరువులు ఎత్తడం, నడుము వంచి మెలితిప్పడం ఈ కాలంలో వద్దు. వంటగ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ బండ మరో 15 కిలోల పైమాటే. ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను 20 కిలోలు. ఇవి రెండూ కొన్ని నెలలు ఇంకొకరి పని.

ఆరు వారాల తర్వాత ఫిజియోథెరపిస్టు సలహాతో కడుపు, వీపు, పిరుదుల కండరాలకు వ్యాయామం మొదలవుతుంది. నెలల తరబడి నొప్పికి జంకి కదలకుండా ఉండటంతో ఈ కండరాలు సన్నబడి ఉంటాయి. సర్జన్ వీటిని బాగుచేయలేడు. రోగే చేసుకోవాలి. నడుము బెల్టును చెప్పిన కాలానికి మించి పెట్టుకుంటే కండరాలు ఇంకా సోమరులవుతాయి.

కింద కూర్చోవడం, బాసిపట్టు వేయడం, గొంతుకూర్చోవడం మన జీవితంలో భాగం. పూజకైనా, నమాజుకైనా, నాట్లకైనా, పాతకాలం మరుగుదొడ్డికైనా ఇవి కావాలి. నడుములో ఒక చోట మాత్రమే పూసలు అతికిస్తే వంగడంలో తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే వంగే పనిలో పెద్ద వాటా తుంటి కీళ్లదే. మూడు నాలుగు చోట్ల అతికించినవారికి కింది వస్తువు అందుకోవడం, కాలిగోళ్లు తీసుకోవడం కష్టమవుతుంది. ఆపరేషన్‌కు ముందే ఈ సంగతి మాట్లాడుకోవాలి. మొదటి నెలల్లో ఎత్తు కమోడ్, కుర్చీ ఏర్పాటు చేసుకోవాలి. గుంతల రోడ్ల మీద బైకు ప్రయాణం డాక్టరు చెప్పేదాకా వాయిదా వేయాలి.

తిండి విషయంలో ఒక మాట. పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లలో ఆపరేషన్ అయినవారికి నెలల తరబడి చారన్నమే పెడతారు. గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేపలు తినాలి. చీముకు అసలు కారణం సూక్ష్మక్రిములు. షుగర్ అదుపులో లేకపోతే వాటికి బలం పెరుగుతుంది.

ఆశ తగ్గించుకోవాల్సిన చోట్లు

మెడలో వెన్నుపాము నొక్కుకున్నవారికి చేతి వేళ్లు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి లొంగవు, నడక తూలుతుంది. ఇక్కడ ఆపరేషన్ మొదటి లక్ష్యం ఇంతకంటే దిగజారకుండా ఆపడం. మెరుగుదల చాలామందికి వస్తుంది, కానీ పోయినదంతా తిరిగి రాదు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతాల్లో ఇది మరింత స్పష్టం. ఫ్లోరోసిస్‌ను మన దేశంలో 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో నమోదు చేశారు. నల్లగొండ జిల్లా కష్టం అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ వల్ల పూసల మధ్య స్నాయువులు ఎముకలా గట్టిపడి వెన్నుపామును నొక్కుతాయి. ఆ ఒత్తిడిని సర్జన్ తొలగించగలడు. బిగుసుకుపోయిన వెన్నుకు పాత వంపును తేలేడు.

ఆపరేషన్ బాగా జరిగినా కొందరికి నొప్పి మిగులుతుంది. డిస్కు ముక్క తీసినచోటే మళ్లీ జారడం నూటికి 5 నుంచి 15 మందిలో జరుగుతుంది. ఫ్యూజన్ అయినవారిలో అతికిన చోటుకు పైనో కిందో ఉన్న డిస్కు ఏళ్లు గడిచేకొద్దీ అరగవచ్చు. ఏళ్ల తరబడి నొప్పి భరించినవారిలో నాడీ వ్యవస్థే సున్నితమైపోయి, కారణం తొలగాక కూడా నొప్పి సంకేతాలు పంపుతుంది. దిగులు, నిద్రలేమి దాన్ని పెంచుతాయి. ఇలాంటివారికి రెండో ఆపరేషన్ కన్నా ముందు నొప్పికి సరైన మందులు, వ్యాయామం, మనసుకు వైద్యం ప్రయత్నించాలి. ప్రతి తదుపరి ఆపరేషన్‌తో మేలు జరిగే అవకాశం తగ్గుతూ వస్తుంది.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు డాక్టరును అయిదు ప్రశ్నలు అడగండి. ఈ ఆపరేషన్ నా కాలి నొప్పికా, నడుము నొప్పికా? ఏ నరం నొక్కుకుంది, నా లక్షణాలు దానికి సరిపోతున్నాయా? ఇంకో ఆరు వారాలు ఆగితే ఏం నష్టం? రాడ్లు వేస్తారా, ఎందుకు? నేను చేసే పనికి ఎన్నాళ్లకు తిరిగి వెళ్లగలను? ఆరోగ్యశ్రీ లాంటి పథకం కింద వెళ్తున్నవారు దేనికి ఎంత వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి రాసుకోవాలి. జవాబులు తృప్తిగా లేకపోతే, అత్యవసరం కానప్పుడు, మరో సర్జన్ అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు. మంచి సర్జన్ దానికి నొచ్చుకోడు.